అగ్నిని దాటిన మన్ను: బెర్నార్డ్ పాలిస్సీ జీవితము

గుజరాతులోని సూరత్ నగరమున రింగ్ రోడ్ అను వీధి చీరల వ్యాపారమునకు పేరు పొందినది. దానికి ఇరుప్రక్కల అంతస్తులు అంతస్తులుగా లేచిన బట్టల మార్కెట్లలో ప్రొద్దు మొదలుకొని రాత్రి వరకు చీరల మూటలు దిగుచు ఎక్కుచు ఉండును. ఆ నగరపు మరమగ్గముల మీద పని చేయువారిలో తెలంగాణ జిల్లాల నుండి తరలిపోయిన నేత కుటుంబములవారు అనేకులు. రింగ్ రోడ్ దుకాణములో మడత విప్పిన పాలియెస్టర్ చీరను చూడుడి. అందలి పోగు, చీర కాకమునుపు, యంత్రము మీద చిన్న తెల్లని కన్నుల గుండ దూరి వచ్చినది. వేగముగా పరుగెత్తు సన్నని పోగు మెత్తని లోహమును కోసి గాడి చేయును. ఆ తెల్లని కన్నును మాత్రము అంత సులభముగా అరుగదీయలేదు. పనివారు దానిని సిరామిక్ అందురు.

ఆ కన్నులో కుమ్మరి మన్ను లేదు. అల్యూమినా అను తెల్లని పొడిని అచ్చులో నొక్కి, సుమారు 1600 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో కాల్చగా అది ఆ రూపము పొందెను. మన యిండ్లలోని ఆవకాయ జాడీయు సిరామిక్ జాతిదే. ఇంటి కప్పు మీది పెంకు, గోడలోని కాల్చిన యిటుక, పింగాణీ పళ్లెము కూడ ఆ జాతివే. గ్రీకు భాషలో కెరమోస్ అనగా కుమ్మరి మన్ను, దానితో చేసిన పాత్ర. నేటి శాస్త్రజ్ఞులు ఆ మాటను విస్తరింపజేసి, లోహమును గాక, ప్రాణుల నుండి పుట్టిన కర్బన పదార్థమును గాక, అధికమైన వేడిమిచేత గట్టిపడి నిలిచిన ఘనపదార్థములన్నిటికి ఆ పేరు పెట్టిరి. గాజును కొందరు ఈ కుటుంబములో చేర్చుదురు. దాని అణువులు స్ఫటికములలోవలె వరుస తీరియుండవు గనుక కొందరు వేరుగా నుంచుదురు. సూరత్‌లోనే సానపట్టబడు వజ్రము లోహము కాదు. అయినను అది మనుష్యుడు పొడిని మలచి కాల్చి చేసినది కాదు గనుక సాధారణముగ దానికి ఈ పేరు పెట్టరు. పొలిమేరల యొద్ద ఇట్టి వాదములు కలవు. నడుమనున్న సంగతి స్పష్టము. ఆ వస్తువు దేనితో చేయబడినది అను ప్రశ్న ఒక్కటే చాలదు. అది ఏ అగ్నిని దాటి వచ్చినది అనియు అడుగవలెను.

సారె మీద లేచి ఎండలో ఆరిన పచ్చి కుండ చూపునకు కుండవలెనే యుండును. దానిని నీళ్లలో వేసిన యెడల తెల్లవారునప్పటికి బురద యగును. ఆ బురదతో కుమ్మరి మరియొక కుండ చేయవచ్చును. దానినే ఆవములో కాల్చినప్పుడు, సుమారు 500 మొదలు 600 డిగ్రీల నడుమ, మంటి రేణువులలో బంధింపబడియున్న నీరు విడిచిపోవును. వేడి ఇంకను హెచ్చగా రేణువులు ఒకదానినొకటి అంటుకొనును. ఆ తరువాత ఏండ్ల తరబడి నీట నానినను అది మరల మెత్తని మన్ను కాదు. పగులగొట్టినచో చిల్లపెంకులగును గాని కుమ్మరి చేతికి ముద్ద కాదు.

బైబిలు చదువరులకు ఈ భేదము క్రొత్తది కాదు. యిర్మీయా గ్రంథము 18వ అధ్యాయములో ప్రవక్త కుమ్మరి యింట చూచినది తడి మన్ను; చెడిపోయిన పాత్రను కుమ్మరి మరల వేరొక పాత్రగా మలచెను. 19వ అధ్యాయములో ప్రవక్త చేత పట్టుకొని పోయినది కాలిన పాత్ర. పగిలిన తరువాత దానిని బాగుచేయుట సాధ్యము కాదు. ఈ రెండు అధ్యాయముల నడుమ ఒక ఆవము కలదు. ఆ ఆవము ముందు తన బ్రదుకంతయు గడిపిన ఒక మనుష్యుని చరిత్ర ఇది.

17వ శతాబ్దములో టావెర్నియే అను ఫ్రెంచి ప్రొటెస్టంటు వర్తకుడు సూరత్ రేవున దిగి, గోల్కొండ రాజ్యపు వజ్రపు గనుల వరకు ప్రయాణము చేసెను. ఆయన కంటె సుమారు నూరేండ్లు ముందు, ఆ దేశములోనే, ఆ విశ్వాసములోనే జీవించిన కుమ్మరి బెర్నార్డ్ పాలిస్సీ. టావెర్నియే వెదకిన రత్నములు భూమిలో సిద్ధముగా దొరకినవి. పాలిస్సీ వెదకినదానిని మాత్రము అగ్నిలోనే కనుగొనవలసియుండెను.

గాజు పనివాడు

పాలిస్సీ సుమారు 1510లో ఫ్రాన్సు దేశపు నైరుతి భాగమున సామాన్య కుటుంబములో జన్మించెను. గ్రీకు లాటిను భాషలు ఆయనకు రావు. యౌవనములో గాజు మీద రంగులు వేసి కాల్చు పని నేర్చుకొనెను. ఆ కాలమున దేవాలయముల కిటికీలకు అట్టి రంగుల గాజు అమర్చుట వాడుక. దానితోపాటు భూములు కొలిచి పటములు గీయుటయు నేర్చెను. చేతిపనితో పొట్ట పోసికొనుచు ఊరూరు తిరిగి, పోయిన చోటనెల్ల నేల రంగును, రాళ్ల తీరును, ఊటల జాడను కనిపెట్టుచుండెను. ఆయనకు భూమియే బడి. సుమారు 1539లో సాంతోంజ్ ప్రాంతమందలి సాంత్ పట్టణమున కాపురము పెట్టి, భార్యను బిడ్డలను పోషించుచు స్థిరపడెను.

గాజు కిటికీల పని అప్పటికే తగ్గిపోవుచుండెను. అట్టి దినములలో ఒకనాడు ఎవరో ఆయనకు మెరుగు పూసిన మంటి గిన్నె నొకదానిని చూపిరి. అది ఆయన మనస్సును పట్టుకొనెను. తాను చిరకాలముగ చూచుచున్న కుండలు గరుకైనవి. ఇది పాలవలె నిగనిగలాడుచుండెను. మంటి మీద అంత అందమైన పూత పూయగలిగిన యెడల కుటుంబమును పోషించుకొనవచ్చునని తలంచి, ఆ పూత రహస్యమును వెదకుటకు ఆయన పూనుకొనెను.

ఆ రహస్యము లోకమునకు క్రొత్తది కాదు. సీసముతో కరిగిన గాజులో తగరపు భస్మము కలిపినప్పుడు అది తెల్లబారి, క్రింది మంటి రంగును కప్పివేయును. ఇరాకు దేశపు కుమ్మరులు 9వ శతాబ్దములోనే దీనిని ఎరుగుదురు. వారి నుండి స్పెయిను, ఇటలీ దేశములు నేర్చుకొనెను. పాలిస్సీకి చెప్పువారెవరును లేకపోయిరి. కుండ చేయుట కూడ ఆయనకు రాదు. చీకటిలో తడవుకొనుచు నడచువానివలె తాను బయలుదేరితినని ఆయనయే తరువాత వ్రాసికొనెను.

ఆవము ముందు

తొలుత ఆయన దొరికిన ఖనిజముల నెల్ల నూరి పొడి చేసి, పగిలిన పెంకుల మీద పూసి, ఏ పెంకు మీద ఏ మిశ్రమము ఉన్నదో గురుతు వ్రాసికొని కాల్చి చూచెను. తన చిన్న ఆవము చాలక, ఊరికి దూరమున నున్న కుండల ఆవములకు వందల కొలది పెంకులను పంపెను. ఒక్కటియు కరుగలేదు. తప్పు మిశ్రములో ఉన్నదనుకొని మరల మరల మార్చెను. కుండలకు చాలిన వేడి ఆ పూతకు చాలదను సంగతి ఆయనకు చాల కాలమునకు తెలిసెను. నడుమ 1543 ప్రాంతమున ప్రభుత్వము ఉప్పు మడులను కొలిపింపగా ఆ పనివలన కొంత ధనము దొరకెను. అది దొరికినంతనే మరల వెదకులాటకు దిగెను.

ఈ మారు పెంకులను గాజు కొలిమికి తీసికొనిపోయెను. అక్కడి అధికమైన వేడిలో కొన్ని మిశ్రమములు కరుగుట మొదలుపెట్టెను. మరి రెండేండ్లు ఆ కొలిమికి తిరిగెను. తుదకు మూడు వందలకు మించిన పెంకులను ఒక్కసారిగా పెట్టగా, నాలుగు గంటల తరువాత వాటిలో ఒకటి కరిగి, చల్లారినప్పుడు తెల్లగా నునుపుగా కనబడెను. తాను క్రొత్త ప్రాణిగా మారినంత సంతోషము కలిగెనని ఆయన చెప్పెను.

ఒక పెంకు తెల్లబడుట వేరు, పాత్ర తెల్లబడుట వేరు. గాజు పనివారి కొలిమి వంటి ఆవమును తన యింటి యొద్దనే కట్టుకొనవలెనని ఆయన నిశ్చయించెను. కూలివారిని పెట్టుకొను స్థితి లేదు గనుక ఇటుకలను తన వీపున మోసెను. నీళ్లు తానే తోడి, సున్నము తానే కలిపెను. బలిష్ఠులైన ఇద్దరు త్రిప్పవలసిన చేతి తిరగలిని ఒక్కడే త్రిప్పి ఖనిజములను విసరెను. పాత్రలను లోపల పెట్టి నిప్పు రగిలించెను. ఆరు పగళ్లు ఆరు రాత్రులు ఆవము నోట కట్టెలు వేయుచు నిలిచెను. పూత కరుగలేదు.

కరిగించు ద్రవ్యము తక్కువైనదేమో యని తోచి, ఆవమును చల్లారనీయకుండ మరల నూరి, బజారులో కుండలు కొనితెచ్చి వాటికి పూసి లోపల పెట్టెను. అప్పుడు కట్టెలు అయిపోయెను. తోటలో ద్రాక్షతీగెలకు ఆనించిన కర్రలను పెరికి వేసెను, అవియు చాలలేదు. ఇంటిలోని బల్లలను, నేల పలకలను విరిచి నిప్పులో వేసెను. ఒక నెలకు పైగా ఆయన ఒంటి మీది చొక్కా చెమటతో ఆరలేదు. ఇల్లు తగులబెట్టుకొనుచున్నాడని ఊరిలో కేకలు వేసిరి. దొంగ నాణెములు పోయుచున్నాడని మరికొందరు పుకారు పుట్టించిరి. అప్పులవాండ్రు వాకిట నిలిచిరి. దాదుల యొద్ద పెరుగుచున్న ఇద్దరు పసిబిడ్డలకు జీతము చెల్లించుటకు చేతిలో కాసు లేదు.

పిల్లల పుస్తకములలో ఈ కథ తరచుగా ఇక్కడనే ముగియును. బల్లలు కాలెను, పూత కరిగెను, కష్టము తీరెను అని చెప్పుదురు. ఆయన స్వయముగా వ్రాసిన వృత్తాంతము అట్లు లేదు. ఆ తరువాత అనేక సంవత్సరములు ఓటమిమీద ఓటమి వచ్చెను. ఒక కుమ్మరిని కొన్ని నెలలు కూలికి పెట్టుకొని, జీతమియ్యలేక తన బట్టలనే ఒలిచి యిచ్చెను. మరియొకమారు పాత్రలు చక్కగా కాలెనని ఆవము తెరచి చూడగా, గోడల అడుసులోనున్న చెకుముకి రాళ్లు వేడికి పగిలి, వాటి తునకలు మెత్తబడిన పూతలో గ్రుచ్చుకొని యుండెను. పాత్రలు అందముగానే యున్నవి; చేయి తాకినచో కత్తివలె కోయును. తక్కువ వెలకు కొందుమని వచ్చినవారున్నను, చెడ్డ సరకు తన పేరిట లోకములో తిరుగుట ఇష్టములేక ఆయన వాటినన్నిటిని పగులగొట్టెను. అప్పులవారికి ఆ సరకు మీదనే మాట యిచ్చియుండెను.

ఇచ్చట భక్తిగల చదువరి తొందరపడి ఆయనను పొగడకూడదు. ఆ దినమున ఇంటిలో ఆయనకు దొరకినది ఆదరణ కాదు, నిందలే. ఆ నిందలు వట్టివి కావు. బిడ్డల ఆకలిని, పొరుగువారి ఎగతాళిని, అప్పులవాని గద్దింపును మొదట ఎదుర్కొన్నది ఆ యింటి ఇల్లాలు. ఆమె ఈ వెదకులాటను కోరుకొనలేదు. ఆయన తన సొత్తును మాత్రమే గాక ఆమె సొత్తును కూడ ఆవములో వేసెను. తన చేష్టలచేత ఇంటివారు ఎంత బాధపడిరో పాలిస్సీ దాచుకొనకుండ వ్రాసెను. ఆయన చరిత్రను నేటికిని నమ్మదగినదిగా చేయునది ఆ నిజాయితీయే. ఒకని పట్టుదలకు వెల చెల్లించువాడు ఆ ఒక్కడే కాడని ఈ వృత్తాంతము మనకు తెలుపును.

ప్రతి ఓటమియు ఆయనకు ఒక పాఠము నేర్పెను. బూడిద ఎగిరి పూత మీద అంటుకొనగా, పాత్రలను మూతగల మంటి పెట్టెలలో ఉంచి కాల్చుట ఆరంభించెను. ఆవములో ముందు భాగము కాలి వెనుక భాగము పచ్చిగా నిలిచినప్పుడు మంట నడకను గమనించెను. ఒక రంగు కరుగక మునుపే మరియొక రంగు మాడిపోవునప్పుడు, అన్నియు ఒకే వేడికి కరుగునట్లు మిశ్రమములను సరిచూచెను. పూత అనునది గాజు, క్రిందిది మన్ను. చల్లారునప్పుడు రెండును ఇంచుమించు సమముగా ముడుచుకొననిచో పూత నెర్రెలు విచ్చును, లేక పెళ్లలుగా రాలును. ఈ లెక్కలకు నేడు సూత్రములు కలవు. ఆయనకు కండ్లును చేతులును తప్ప మరియేమియు లేదు. ఇట్లు పదునైదు పదునారు సంవత్సరములు గడచెను.

వృద్ధాప్యములో వ్రాసిన గ్రంథమున ఆయన తన పూతలో చేరు ద్రవ్యముల పేర్లను చెప్పెను. తగరము, సీసము, ఇనుము, రాగి, ఇసుక మొదలైనవి అందులో కలవు. పాళ్లు మాత్రము చెప్పలేదు. వెదకి కనుగొనువాడే దాని విలువ ఎరుగునని ఆయన తలంపు. ద్రవ్యముల జాబితాతో పాత్ర తయారు కాదనుట ఆయనకు అనుభవము మీద తెలిసిన సత్యము.

సాంత్ పట్టణపు చిన్న సంఘము

ఈ కష్టకాలములోనే, 1546 ప్రాంతమున, సంస్కరణ బోధ సాంతోంజ్ తీరమునకు వచ్చెను. పాలిస్సీ దానిని అంగీకరించెను. సాంత్ పట్టణములో సంఘము పుట్టిన విధమును ఆయనయే వ్రాసియుంచెను. ఒక బీద చేతిపనివాడు తొమ్మిది పదిమందిని కూర్చుకొని లేఖనములు చదివి హెచ్చరించుట మొదలుపెట్టెను. తరువాత ఆరుగురు వంతులవారీగా, ఒక్కొక్క ఆదివారము ఒక్కొక్కరు, ఆ పని చేయునట్లు ఏర్పాటు చేసికొనిరి. పండితుడు లేడు, భవనము లేదు.

ఆ ప్రాంతములో సేవ చేసిన ఫిలిబెర్ హామెలిన్ ఒకప్పుడు భయముచేత తన విశ్వాసమును విడిచి, తరువాత పశ్చాత్తాపపడి, జెనీవాలో ముద్రాపకుడై, కాలినడకను తిరుగుచు బైబిళ్లు అమ్మి సువార్త బోధించెను. ఆయన మరల పట్టబడినప్పుడు పాలిస్సీ తానును అదే నేరమునకు పట్టుబడు అపాయమున్నదని యెరిగియు, ఆ పట్టణపు ముఖ్య న్యాయాధిపతుల ఇండ్లకు స్వయముగా పోయి ఆయన నిర్దోషియని మనవి చేసెను. అది ఫలింపలేదు. 1557లో బోర్డో నగరమున హామెలిన్‌కు మరణశిక్ష విధింపబడెను. ఒకమారు మెత్తబడి జారిపోయిన మనుష్యుడు రెండవమారు స్థిరముగా నిలిచిన సంగతిని పాలిస్సీ ఎరుగును.

రాజుగారి కుమ్మరి

అప్పటికి పాలిస్సీ పాత్రలకు పేరు వచ్చెను. పెద్ద పళ్లెములలో బల్లులు, పాములు, కప్పలు, చేపలు, ఆలుచిప్పలు, ఆకులు ప్రాణముతో కదలుచున్నట్లు కనబడును. నిజమైన ప్రాణుల నుండియే అచ్చులు తీసి, రాగితో ఆకుపచ్చను, కోబాల్టుతో నీలమును, మాంగనీసుతో ఊదాను గోధుమవన్నెను తెచ్చి పూతలు పూసెను. లోకము ఏవగించుకొను పురుగును, చెరువు గట్టున ఎవరును లక్ష్యపెట్టని నత్తను సృష్టికర్త చేతిపనిగా చూచి, రాజుల భోజనపు బల్ల మీదికి తెచ్చెను. రాజ్యములో గొప్ప సేనాపతియైన ఆన్ ద మోంమొరాన్సీ ఆయనకు పోషకుడాయెను.

మత యుద్ధములు ఆరంభమైనప్పుడు పాలిస్సీని పట్టుకొని బోర్డో చెరసాలకు పంపిరి. సాంత్‌లోని ఆయన పనిశాల పాడుచేయబడెను. మోంమొరాన్సీ కథోలికుడైనను రాజమాతయైన కేథరిన్ ద మెదీసీ ద్వారా ఆయనను విడిపించి, రాజుగారి కుమ్మరియను బిరుదు ఇప్పించెను. ఆ బిరుదున్నవానిని క్రింది న్యాయస్థానములు ముట్టలేవు. 1563లో లా రోషెల్ పట్టణమున ఆయన తన గ్రంథమును ప్రచురించెను. తోటలు, ఎరువులు, భూసారము మొదలైనవాటిని గూర్చిన ఆ పుస్తకములోనే సాంత్ సంఘ చరిత్రయు ఉన్నది.

తరువాత ఆయన పారిసు చేరి త్వీలెరీ తోటలో రాజమాతకొరకు గుహ యొకటి అలంకరించు పని చేసెను. 1572 ఆగస్టు 24న పారిసులో ఆరంభమైన ప్రొటెస్టంటుల వధ తరువాత కొంత కాలము సెదాన్ పట్టణమున తలదాచుకొని, మరల పారిసునకు వచ్చెను.

రాళ్ల పాఠశాల

1575 మొదలుకొని ఆయన పారిసులో ప్రకృతిని గూర్చి బహిరంగ ప్రసంగములు చేసెను. ప్రవేశ రుసుము ఒక ఎక్యు నాణెము. తాను చెప్పినది అబద్ధమని ఋజువు చేసినవారికి దానికి నాలుగింతలు తిరిగి యిత్తునని ప్రకటించెను. లాటిను రాని కుమ్మరి మాట వినుటకు వచ్చినవారిలో రాజవైద్యుడైన అంబ్రోయిజ్ పారే ఒకడు. రాళ్లలో కనబడు చిప్పలు ప్రకృతి విలాసముగా చెక్కిన బొమ్మలు కావనియు, ఒకప్పుడు ఆ చోట నీటిలో బ్రదికిన ప్రాణుల అవశేషములనియు ఆయన బోధించెను. ఊటలు వర్షపు నీరు నేలలో ఇంకుటవలన పుట్టునని చెప్పెను. ఈ రెండు సంగతులలోను ఆయన మాటయే నిలిచెను. 1580లో ఇవన్నియు గ్రంథముగా వెలువడెను. అందులో సిద్ధాంతము అను పాత్ర ప్రశ్నించును. అనుభవము అను పాత్ర జవాబిచ్చును.

బాస్తీలు చెరసాల

1585లో వెలువడిన రాజశాసనము ప్రొటెస్టంటులు తమ విశ్వాసమును విడువవలెననియు, లేనిచో దేశమును విడువవలెననియు ఆజ్ఞాపించెను. ముసలి కుమ్మరి రెంటిలో ఏదియు చేయలేదు. పట్టబడి, 1588లో బాస్తీలు కోటలో చెరపెట్టబడెను. అప్పటికి ఆయనకు సుమారు డెబ్బది యెనిమిది సంవత్సరముల ప్రాయము. పోషకుడైన మోంమొరాన్సీ మరణించియుండెను, రాజుగారి బిరుదు ఇక కాపాడలేదు.

మూడవ హెన్రీ రాజు చెరసాలకు వచ్చి, మతము మార్చుకొనుమనియు, లేనిచో నిన్ను శత్రువులకు అప్పగింపవలసిన నిర్బంధము నాకు కలదనియు చెప్పగా, పాలిస్సీ ఆ నిర్బంధమను మాటనే పట్టుకొని, నిర్బంధింపబడినవాడు రాజే గాని తాను కాడని జవాబిచ్చెనని దోబిన్యే అను ప్రొటెస్టంటు రచయిత వ్రాసెను. భక్తి గ్రంథములలో ఈ సంభాషణ ప్రసిద్ధము. అయితే దోబిన్యే దానిని తన రెండు గ్రంథములలో రెండు విధములుగ చెప్పెను. చరిత్రకారులు దానిని అట్లే అంగీకరించుటకు వెనుదీయుదురు. ఆ మాటలు లేకపోయినను కొదువ లేదు. ఒక్క మాటతో బయటికి రాగలిగిన వృద్ధుడు ఆ మాట పలుకక లోపలనే ఉండెను. ఇది మాత్రము నిశ్చయము.

ఆ కాలమున పారిసులో దినచర్య వ్రాసికొన్న లెత్వాల్ అను కథోలిక న్యాయాధికారి, పాలిస్సీ లేమిచేతను కష్టములచేతను క్రూరమైన నడవడిచేతను బాస్తీలు చెరలో 1590లో మరణించెనని వ్రాసెను. మరణమునకు ముందు తనకు ఆయన ఒక రాయి ఇచ్చి పోయెననియు లెత్వాల్ చెప్పెను. అది మనుష్యుని తల యెముక దీర్ఘకాలమునకు రాయిగా మారినదని పాలిస్సీ నమ్మకము. బంగారము చేయు మాయరాయి కొరకు ఆ యుగపు పండితులు వెదకుచుండగా, ఆయన దీనినే తన పరుసవేది యని పిలుచుకొనెడివాడు. మారిపోయిన మన్ను, మారిపోయిన యెముక, ఇవియే ఆయన ఆస్తి.

మిగిలిన పెంకులు

పాలిస్సీ పేరిట లోకమందలి వస్తు ప్రదర్శనశాలలలో ఉంచబడిన పళ్లెములలో అనేకము ఆయనను అనుకరించిన వారివని నేటి పరిశోధకులు తేల్చిరి. ఆయన చేతివని నిశ్చయముగా చెప్పదగినవి ముఖ్యముగా చిల్లపెంకులు. 1980ల దశకములో లూవ్రు ప్రాంగణమున భూమి త్రవ్వినప్పుడు త్వీలెరీ పనిశాలకు చెందిన అచ్చులు, విరిగిన బొమ్మలు, పూత పూసిన ముక్కలు వేల కొలదిగా బయటపడెను. నాలుగు వందల సంవత్సరములు తడి నేలలో నుండియు బల్లి చర్మపు పొలుసులు పొలుసులుగానే, ఆకు ఈనెలు ఈనెలుగానే నిలిచియున్నవి. అవి విరిగెను గాని కరగిపోలేదు.

సిరామిక్ అనగా ఏమి అని శాస్త్రజ్ఞుడు అడుగును. ఏ ఏ ద్రవ్యములు ఆ పేరునకు తగునని పొలిమేర రాళ్లు పాతును. అది అవసరమైన పనియే. మనుష్యుని గూర్చియు అట్టి ప్రశ్నయే కలదు. మనమందరము ఒకే మంటితో చేయబడినవారమని ఆదికాండము బోధించును. తడి మన్నుగా ఉండుట అవమానము కాదు; కుమ్మరి చేతిలో మరల మలచబడు నిరీక్షణ ఆ స్థితియందే కలదు. హామెలిన్ జారిపోయిన దినమున తడి మన్నే. అందుచేతనే ఆయన మరల లేవగలిగెను. అయితే పాత్ర నీటిని మోయవలెనన్నచో ఒకనాడు ఆవములోనికి పోవలసినదే. అందులో నుండి వచ్చినది గట్టిది, అదే సమయమున పగులునట్టిది. అపొస్తలుడైన పౌలు ఐశ్వర్యమును మంటి ఘటములలో ఉంచబడినదిగా చెప్పుట ఆ రెండింటిని ఎరిగియే. కాలిన కుండ పగులదని ఎవరును వాగ్దానము చేయలేదు; అది మరల బురద కాదను మాట ఒక్కటే మనకు తెలిసినది.

సూరత్ మగ్గముల మీద నేడును పోగు ఆ తెల్లని కన్నుల గుండ పరుగెత్తుచున్నది. తెలంగాణము నుండి పోయిన నేతవాడు తెగిన పోగును ముడివేసి మరల అందులో దూర్చుచున్నాడు. ఇంటి దూరమును, రాత్రి పాళియు, పిల్లల చదువుల చింతయు ఆయనకు ఆవములే. ఆయన చేయు చీర రింగ్ రోడ్ చేరి ఎవరో ఒక పెండ్లి కుమార్తె భుజము నెక్కును. ఆ కన్నును ఎవరును చూడరు. దానిని కాల్చిన అగ్ని మాత్రము దానిలో నిలిచియున్నది.